బతికిన చేప మీద ఐసు

ఇంటితో పాటు అయిదు చేపలు కూడా వచ్చాయి.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం. మినియాపొలిస్, సెయింట్ పాల్ అనే జంట నగరాలకు దక్షిణాన ఈగన్ అనే ఊరు. 2018 జూన్‌లో ఇంటి తాళాలు చేతికిచ్చేటప్పుడు పాత యజమానురాలు కొత్తవాళ్లని పెరట్లోకి తీసుకెళ్లి చూపించింది. గొయ్యి తవ్వి, రబ్బరు షీటు పరిచి, చుట్టూ రాళ్లు పేర్చిన చిన్న చెరువు. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, నడిమధ్యన నాలుగడుగుల లోతు. కలువల కింద జానెడేసి గోల్డ్‌ఫిష్ అయిదు. వాటికోసం పెద్దగా చెయ్యాల్సింది ఏమీ లేదని, చలికాలంలో ఒక హీటరు తేలేస్తే చాలని చెప్పి వెళ్లిపోయింది. ఆ హీటరు గ్యారేజీలో ఉంది.

ఆ అయిదూ అయిదుగానే ఉండిపోతే ఆవిడ చెప్పినట్టే జరిగేది. ఈ కథా ఉండేది కాదు.

ఇల్లు కొన్నది మన తెలుగు దంపతులు. అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె మళ్లీ గర్భవతి, ఏడేళ్ల కొడుకు ఉన్నాడు. పురుడు పొయ్యడానికి సెప్టెంబరు మధ్యలో, ఆమెకి ఏడో నెలలో, ఆమె తల్లిదండ్రులు వచ్చారు. తండ్రిది కైకలూరు దగ్గర పల్లె. కొల్లేటి ఒడ్డున ముప్పై ఏళ్లు చేపల చెరువులు చేసిన మనిషి. పేర్లు రాయకూడదన్న షరతు మీద ఆ కుటుంబం చెప్పిన సంగతులివి. ఆయన్ని తాతయ్య అనే పిలుచుకుందాం, ఆ ఇంట్లో ఆయన అసలు పేరు ఎలాగూ ఎవరికీ అక్కర్లేదు.

వచ్చిన రెండో రోజు. నిద్ర పట్టక తాతయ్య తెల్లారకముందే లేచాడు. లేచిన రైతు ఎక్కడికి వెళ్తాడు? చెరువు గట్టు మీదికి. చేపల రైతుకి పొద్దు పొడవకముందు గట్టెక్కడం అలవాటు మాత్రమే కాదు, అవసరం. పగలంతా నీటిలోని నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా చేపతో పాటు నాచు కూడా దాన్నే పీల్చుకుంటుంది. తెల్లారగట్ల నీళ్లలో గాలి అడుగంటుతుంది. చేప తలలెత్తి నోళ్లు తెరిచిందంటే ఆ పూటే పరుగెత్తాలి.

ఇక్కడ ఏ చేపా తలెత్తలేదు. కాని కలువాకుల నీడలో నల్లగా, సన్నగా, మందగా ఏదో కదిలింది. తాతయ్య గట్టు మీద మోకాళ్లూనాడు.

"అల్లుడు గారూ, మీ చెరువులో చేపపిల్ల ఉందండీ."

"కప్పపిల్లలు మావయ్య గారూ. నేనూ చూశాను."

"కప్పపిల్లకి పక్కరెక్కలుంటాయేంటండీ? ఇటు రండి. అదుగో, రెండు సైజులున్నాయి. ఒక ఈత ముందు, ఒక ఈత తర్వాత."

పిల్లాడు కూడా పరుగెత్తుకొచ్చాడు. "కాని తాతయ్యా, గోల్డ్‌ఫిష్ అంటే గోల్డ్ కదా? ఇవి డర్టీగా ఉన్నాయి."

తాతయ్యకి దానికి జవాబు తెలియదు. అల్లుడు సాయంత్రం చదివి చెప్పాడు. గోల్డ్‌ఫిష్ పిల్ల పుట్టినప్పుడు బంగారు రంగులో ఉండదు. వెయ్యేళ్ల కిందట చైనాలో ఏ మట్టిరంగు చేప నుంచి మనుషులు దీన్ని సాకి తీశారో ఆ రంగులోనే పుడుతుంది. కొన్నిటికి వారాల్లో రంగు తిరుగుతుంది, కొన్నిటికి ఏడాది దాటినా తిరగదు. ఆ నలుపే వాటిని కాపాడింది. గోల్డ్‌ఫిష్‌కి తన గుడ్డని, తన పిల్లని ఉండదు, కంటికి ఆనితే మింగేస్తుంది. జూన్‌లో పెట్టిన గుడ్లలోంచి కొన్ని, ఆగస్టులో పెట్టినవాటిలోంచి మరికొన్ని, కలువ వేళ్ల మధ్య దాక్కుని ఇన్నాళ్లు బతికాయి.

"మరి చలికాలం?" అన్నాడు అల్లుడు. ఆ ప్రశ్న తాతయ్యకి అర్థం కాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అర్థమైంది. ఈ చెరువు గడ్డ కడుతుందట. పైపైన పొర కాదు, మనిషి ఎక్కి నిలబడేంత గడ్డ. నవంబరు చివర్లో బిగిస్తే మళ్లీ విడిచేది మార్చి దాటాకేనట.

తాతయ్య ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నేను ఎరిగిన ఐసు ఒకటే బాబూ. కైకలూరులో లారీకెత్తేటప్పుడు చచ్చిన చేప మీద వేసేది. హౌరా దాకా కుళ్లకుండా ఉంటానికి. బతికిన చేప మీద ఐసేంటి?"

అల్లుడు గ్లాసులో నీళ్లు చూపించి చెప్పుకొచ్చాడు. నీళ్లు అన్నిటికంటే బరువెక్కేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఇంకా చల్లబడితే మళ్లీ తేలికై పైకొస్తాయి. అందుకని గడ్డ పైనే కడుతుంది, అడుగున 4 డిగ్రీల నీళ్లు మిగిలిపోతాయి. పెద్ద చేపలు ఆ అడుగున చేరి, మొప్పలు ఆడీ ఆడనట్టు ఆడిస్తూ, మేత లేకుండా నెలల తరబడి ఉండిపోతాయి. సన్నగా పొడుగ్గా ఉండే మామూలు రకాలకి ఇది చేతనవును. బంతిలా గుండ్రంగా, కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చి ఉండే అలంకార రకాలకి చేతకాదు. ఈ అయిదూ మామూలు రకమే. పోయిన చలికాలాలు ఇక్కడే గడిపాయి.

"అయితే పిల్లలు కూడా గడుపుతాయి కదా?" అంది కూతురు.

చిక్కంతా అక్కడే ఉంది. చేప ఎంత చిన్నదైతే ఒంటి బరువుకి అంత ఎక్కువ ఖర్చు పెడుతుంది, దాచుకున్న కొవ్వు మాత్రం అంత తక్కువ. జూన్ పిల్లకి కూడబెట్టుకోడానికి ఒక ఎండాకాలం దొరికింది. ఆగస్టు పిల్లకి దొరకలేదు. చలికాలం చిన్న చేపను చలితో చంపడం తక్కువ. దాచుకున్నది అయిపోవడమే దానికి ప్రాణాంతకం.

తాతయ్యకి ఈ లెక్క సగం తెలుసు, సగం తలకిందులుగా తెలుసు. కొల్లేటి రైతులు శీలావతి, బొచ్చె పిల్లల్ని ఇరుకు చెరువులో ఒత్తుగా వేసి, అరకడుపుతో ఏడాదిపాటు కావాలనే గిడసబారుస్తారు. ఆ పిల్లల్ని తెచ్చి పెద్ద చెరువులో వదిలితే, పోయిన ఏడాది ఎదుగుదల కూడా కలిపి ఎదిగినట్టు ఎదుగుతాయి. "ఆకలికి చేప చావదు" అన్నది ఆయన ముప్పై ఏళ్ల అనుభవం. కాని ఆ అరకడుపు ఎప్పుడూ వెచ్చగా ఉండే నీళ్లలోది. మేత తగ్గినా నీళ్లలోనే తినడానికి ఏదో ఒకటి ఊరుతూ ఉంటుంది. మంచు కింద ఊరేది ఏమీ లేదు.

"అయితే ఇప్పుడు మేపుదాం" అన్నాడు.

ఆ నెల రోజులూ తాతయ్యకి పండగే. కైకలూరులో తవుడు, వేరుశనగ చెక్క బస్తాలకెత్తి, బస్తాకి బెజ్జాలు పొడిచి, తాళ్లకి వేలాడదీసి మేపిన మనిషి, ఇక్కడ చెంచాతో పొడి మేత చల్లాడు. రోజుకి మూడుసార్లు, అయిదు నిమిషాల్లో తినగలిగినంత. కాని అక్టోబరులో నీళ్లు చల్లబడుతున్న కొద్దీ అల్లుడు థర్మామీటరు పట్టుకుని చెంచా లాక్కోవడం మొదలెట్టాడు. 15 డిగ్రీలకి దిగితే గోధుమ మొలక పొడితో చేసిన తేలిక మేత మాత్రమే. 10 డిగ్రీలకి దిగాక ఏమీ లేదు. గోల్డ్‌ఫిష్‌కి జీర్ణాశయం ఉండదు, పేగు ఒక్కటే. చల్లటి నీళ్లలో ఆ పేగు కూడా దాదాపు నిద్రపోతుంది. తిన్నది అరగదు, తిననిది అడుగున కుళ్లుతుంది.

"ఎదురుగా నోరు తెరుస్తున్నాయండీ" అని బతిమాలాడు తాతయ్య.

"తెరుస్తాయి మావయ్య గారూ. మీరు కనపడితే తెరుస్తాయి."

గదిలోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "ఏవండీ, మనం పురిటికొచ్చామా, చేపలకొచ్చామా?"

అక్టోబరు మధ్యలో ఒక ఆదివారం ఏరివేత. లోపల పెట్టాలా, బయటే ఉంచాలా అని మామా అల్లుళ్లు వారం రోజులు వాదించుకున్నారు. అల్లుడు అన్నిట్నీ లోపలికి తెచ్చి, హీటరు పెట్టి, వెచ్చగా సాకాలన్నాడు. తాతయ్య ఒప్పుకోలేదు. పెద్దవి బయట ఉండగలవని నువ్వే చెప్పావు, పిల్లల్లో బలమున్నవి కూడా ఉండగలవు, చిన్నవాటినే లోపలికి తీసుకెళ్దాం అన్నాడు. చివరికి ఆయన మాటే నెగ్గింది. అందుకు కారణం వాదన కాదు, చోటు. బేస్‌మెంట్లో పట్టింది ఒక్క తొట్టే.

ఆ తొట్టి ఫారాలకి సామాన్లమ్మే దుకాణంలోంచి వచ్చింది. పశువులు నీళ్లు తాగే నల్లటి ప్లాస్టిక్ తొట్టి, 380 లీటర్లు పడుతుంది. దాన్ని చూసి తాతయ్య నవ్వాపుకోలేకపోయాడు. "అమెరికా వచ్చి కుడితి తొట్టి కొన్నారేంటండీ!"

సైజులు వేరు చెయ్యడం ఆయన తన పద్ధతిలోనే చేశాడు. చిన్న వలతో పిల్లల్ని పట్టి, బెజ్జాలున్న ప్లాస్టిక్ బట్టల బుట్టలో పోసి, బుట్టని నీళ్లలోనే మెల్లగా ఊపాడు. సన్నవి బెజ్జాల్లోంచి కింద పెట్టిన టబ్బులోకి జారిపోయాయి. బలిసినవి బుట్టలో నిలిచాయి. నిలిచినవి 52. జారినవి 84. పిల్లాడు రెండుసార్లు లెక్కపెట్టాడు.

52నీ తిరిగి చెరువులో వదిలారు. చెరువు మీద వల కట్టారు, చేపలు పారిపోతాయని కాదు, మేపుల్ ఆకులు పడకుండా. నీళ్లలో పడిన ఆకు చలికాలమంతా కుళ్లుతూ ఆక్సిజన్ తినేస్తుంది. కలువల ఎండుటాకులు కోసేశారు. అడుగునున్న పంపుని పైకి తీసేశారు.

చెరువులోకి గాలి పంపే గొట్టం దగ్గర మళ్లీ గొడవ. తాతయ్య దాని చివరనున్న బుడగల రాయిని నడిమి లోతులోకి వదలబోయాడు. గాలి ఎక్కడ కావాలి? అడుగున. ఆయన చెరువుల్లో ఏరేటర్లు నీళ్లని అడుగు నుంచి తిప్పుతాయి, తిప్పాలి కూడా. ఇక్కడ అలా తిప్పితే అడుగునున్న 4 డిగ్రీల నీళ్లు పైకొచ్చి చల్లారిపోతాయి, చెరువంతా సున్నాకి దిగుతుంది, చేపకి దాక్కోడానికి వెచ్చని చోటే ఉండదు. అందుకని రాయిని ఒడ్డు దగ్గర, అడుగు లోతులో పెట్టాలి. ముప్పై ఏళ్ల పనిని తిరగేసి చెయ్యమన్నట్టుంది ఆయనకి. చేశాడు.

లోపలా, బయటా అన్న వాదనలో నేను తాతయ్య వైపు. చేపని ఇంట్లోకి తెస్తే క్షేమమని అందరూ అనుకుంటారు. కప్పు, గోడలు మన క్షేమానికి. బయట చెరువులో ఆరేడు వేల లీటర్ల నీళ్లు, రాళ్లకి పట్టిన నాచు, అడుగు బురద, వాటిలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి చేప మురికిని కడుగుతుంటాయి. కొత్త తొట్టిలో అవేవీ లేవు. నవంబరులో జరిగింది అదే.

నవంబరు రెండో వారంలో కూతురికి పాప పుట్టింది. రెండు రోజులు ఇల్లంతా ఆస్పత్రిలోనే. మూడో రోజు తెల్లారగట్ల తాతయ్య బేస్‌మెంట్లోకి దిగి దీపం వేశాడు. తొట్టి మీద పిల్లలన్నీ తలలెత్తి ఉన్నాయి. నాలుగు వెల్లకిలా తేలాయి.

ఆయనకి తెలిసిన రోగం ఒక్కటే, గాలి చాలకపోవడం. కాని తొట్టిలో గాలి రాయి గలగలా బుడగలు వదులుతూనే ఉంది. పైకి పరుగెత్తి, ఆస్పత్రి నుంచి రాత్రే వచ్చి పడుకున్న అల్లుడిని లేపాడు. అల్లుడు పరీక్ష గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాడు. పసుప్పచ్చగా ఉండాల్సింది ముదురాకుపచ్చకి తిరిగింది. అమోనియా.

చేప అమోనియాని ఎక్కువగా మొప్పల ద్వారానే వదులుతుంది. పాత నీళ్లలో అయితే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్ చేస్తాయి, మరో రకం ఆ నైట్రైట్‌ని అంత హాని లేని నైట్రేట్ చేస్తాయి. కొత్త తొట్టిలో ఆ సంసారం స్థిరపడడానికి నాలుగైదు వారాలైనా పడుతుంది, చల్లటి నీళ్లలో ఇంకా ఎక్కువ. బేస్‌మెంట్ నీళ్లు 14 డిగ్రీలు.

"చెరువు పంపుకి ఫిల్టరు స్పాంజి ఉండాలి కదండీ? దాంట్లో ఆ పురుగులుంటాయన్నారు."

"ఉండేది. శుభ్రంగా కడిగి గ్యారేజీలో ఎండబెట్టాను."

తాతయ్య ఏమీ అనలేదు. పైనుంచి పత్యం వంట సామాను కోసం దిగిన అమ్మమ్మే అంది. "తోడు కడిగేసి పాలు పెరుగవ్వాలంటే ఎలా అవుతాయి బాబూ? పక్కింట్లో అడిగి తెచ్చుకోవాలి."

తెచ్చుకున్నారు. అల్లుడి ఆఫీసులో ఒక స్నేహితుడికి ఏళ్ల తరబడి నడుస్తున్న అక్వేరియం ఉంది. ఆ సాయంత్రమే అతను తన ఫిల్టరులోని స్పాంజి ఒకటి తీసి, తడారకుండా ఆ నీళ్లతోనే సంచిలో కట్టి ఇచ్చాడు. ఈలోపు సగం నీళ్లు తోడేసి కొత్తవి పోశారు. కుళాయి నీళ్లలో క్లోరిన్ విరగడానికి మందు కలిపి, తొట్టి నీళ్లంత చల్లగా ఉన్నాయో లేదో చూసి మరీ పోశారు. మేత పూర్తిగా ఆపారు. అయోడిన్ లేని ఉప్పు కొద్దిగా కలిపారు, ఎందుకంటే వెనకాలే వచ్చే నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి దూరకుండా ఉప్పులోని క్లోరైడ్ అడ్డం పడుతుంది. ఆ వారం పైన ఒక పసిపాప ఏడుపు, కింద రోజూ బకెట్ల మోత. మొత్తం పదకొండు చనిపోయాయి. పన్నెండో రోజుకి ఆ గొట్టంలో పసుపు రంగు నిలిచింది.

బయట చెరువు బిగిసిపోయింది. హీటరు చుట్టూ పళ్లెమంత బెజ్జం మాత్రం నల్లగా మిగిలి, పొగలు కక్కుతూ ఉండేది. ఆ బెజ్జం చెరువుని వెచ్చబెట్టడానికి కాదు. కింద కుళ్లే బురదలోంచి పుట్టే చెడ్డ గాలి బయటికి పోవడానికి, మంచి గాలి లోపలికి రావడానికి. తాతయ్య రోజూ వంటింటి కిటికీలోంచి ఆ పొగ చూసి కాఫీ తాగేవాడు.

2019 జనవరి 30. ఆ తెల్లారగట్ల మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే సున్నాకి 33 సెల్సియస్ డిగ్రీలు కింద. ధ్రువ ప్రాంతపు గాలి దక్షిణానికి దిగింది. గాలి విసురుతో కలిపితే ఒంటికి తగిలే చలి మైనస్ 50 ఫారెన్‌హీట్ దాటింది. స్కూళ్లు మూసేశారు. ఉత్తరాలు పంచడం కూడా ఆపేశారు. చర్మం బయటపెడితే నిమిషాల్లో గడ్డకడుతుందని రేడియోలో పదేపదే చెబుతున్నారు.

తాతయ్య కిటికీలోంచి చూశాడు. పొగ లేదు.

"అల్లుడు గారూ, లేవండి. బెజ్జం మూసుకుపోయింది."

పెరటి గోడ మీది ప్లగ్గు పడిపోయింది. తేమ తగిలితే దానంతటదే కరెంటు ఆపుకునే రకం ప్లగ్గు అది. ఏ రాత్రివేళ ఆగిందో తెలియదు. అల్లుడు కోటు మీద కోటు తొడిగి, గ్యారేజీలోంచి సుత్తి పట్టుకుని బయల్దేరాడు. తాతయ్య తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"ఆ సుత్తి అక్కడ పెట్టండి. మా వైపు ఏట్లో తూటాలు పేల్చి చేపలు పడతారు. తూటా చేపకి తగలక్కర్లేదు, నీళ్లలో అదురే చంపుద్ది. ఆ ఐసు మీద మీరు కొడితే కింద అదే అవుద్ది."

"మరేం చేద్దాం?"

అమ్మమ్మ అప్పటికే పొయ్యి వెలిగించింది. బాలింత స్నానానికి నీళ్లు కాచే పెద్ద స్టీలు గిన్నె. మరిగిన నీళ్ల గిన్నెని తీసుకెళ్లి ఐసు మీద పెట్టాలి. నీళ్లు పోసెయ్యకూడదు, గిన్నె అడుగు వేడితోనే కరగాలి. అల్లుడు తీసుకెళ్లి పెట్టి పరుగెత్తుకొచ్చేవాడు. చల్లారిన గిన్నె తెచ్చి మళ్లీ పొయ్యి మీద. తాతయ్యని గడప దాటనివ్వలేదు కూతురు. గిన్నెని అటు జరపండి, ఇటు జరపండి అని ఆయన కిటికీ అద్దం మీద వేలితో చూపిస్తూనే ఉన్నాడు. నాలుగో గిన్నెకో అయిదో గిన్నెకో అడుగు కిందకి జారి నీళ్లు కనిపించాయి. కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమందట. ప్లగ్గు మీది బొత్తాం నొక్కి హీటరు మళ్లీ వెలిగించారు. బెజ్జం గుప్పెడంతే నిలిచింది, కాని నిలిచింది.

నిజం చెప్పాలంటే, ఒకట్రెండు రాత్రులు మూత పడినంత మాత్రాన ఆ చెరువు చచ్చేది కాదు. ఈ చేప ఒంట్లో ఉన్న విద్య వాళ్లకి అప్పటికి తెలియదు. ఆక్సిజన్ లేకపోతే మన కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, కాసేపటికి ప్రాణం మీదికొస్తుంది. గోల్డ్‌ఫిష్ అలా పేరుకోనివ్వదు. దాన్ని సారాగా మార్చి మొప్పల్లోంచి నీళ్లలోకి వదిలేస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షూబ్రిజ్, పీటర్ హొచాచ్కా 1980లో ఈ సంగతి బయటపెట్టారు. అది ఎలా చేస్తుందో 2017లో ఓస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాల వాళ్లు తేల్చారు. దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట ఈ చేపల పూర్వీకుల్లో జన్యువులన్నీ రెట్టింపయ్యాయి. అదనంగా వచ్చిన జత ఒకటి పాత పని మానేసి సారా కాచే పనిలో కుదురుకుంది. గోల్డ్‌ఫిష్‌కి దగ్గరి చుట్టమైన క్రూసియన్ కార్ప్ రక్తంలో, మంచు కింద ఆక్సిజన్ లేని నీళ్లలో, 100 మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాముల పైగా ఆల్కహాల్ ఉంటుందట. మన దేశంలో బండి నడిపేవాడు పట్టుబడ్డానికి 30 దాటితే చాలు.

అయితే ఈ సారాకి ముడిసరుకు కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్. పెద్ద చేపకి అది దండిగా ఉంటుంది. వేలెడు పిల్లకి ఎంతుంటుంది? తాతయ్య ఆందోళన పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు.

ఆ చలి రెండు మూడు రోజుల్లో తగ్గింది. ఆ తర్వాత మంచు మొదలైంది. ఫిబ్రవరి నెలంతా కలిపి మినియాపొలిస్‌లో 39 అంగుళాలు. ఏ ఫిబ్రవరిలోనూ అక్కడ అంత పడలేదు. చెరువు ఎక్కడుందో తెలియనంతగా పెరడు తెల్లగా మూసుకుపోయింది. బెజ్జం తెరిచే ఉందిగా, ఇంకేంటి భయం అన్నాడు అల్లుడు.

"మబ్బు పట్టింది కదండీ" అన్నాడు తాతయ్య.

ఆకాశం నిర్మలంగా ఉంది. అల్లుడికి అర్థం కాలేదు. కొల్లేట్లో వరసగా మూడు రోజులు మబ్బు పడితే రైతుకి నిద్ర ఉండదు. ఎండ లేకపోతే నాచు పనిచెయ్యదు, నీళ్లలో గాలి పుట్టదు. ఐసు మీద మూరెడు మంచు కూడా చేపకి అలాంటి మబ్బే. ఒట్టి ఐసులోంచి వెలుగు దిగుతుంది, మంచులోంచి దిగదు. మిన్నెసోటా చెరువుల్లో చలికాలం చేపలు కుప్పలుగా చావడానికి పెద్ద కారణం ఇదేనని అల్లుడు తర్వాత చదివాడు. మావగారు చదవకుండానే చెప్పాడు. కాస్త చలి తగ్గిన మధ్యాహ్నాల్లో అల్లుడి బూట్లు తొడుక్కుని, చీపురు పట్టుకుని, ఐసు మీద సగం మేర ఊడ్చి వచ్చేవాడు. ఎక్కి కాదు, ఒడ్డున నిలబడి పొడుగు కర్రతో.

మార్చి మధ్యలో వాళ్ల ఆరు నెలల గడువు అయిపోయింది. మేపుల్ గ్రోవ్‌లో ఉన్న గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని, విమానం ఎక్కారు. అప్పటికింకా ఐసు విడవలేదు. కింద ఎన్నున్నాయో చూడకుండానే తాతయ్య వెళ్లిపోయాడు.

ఏప్రిల్‌లో ఒక రోజు కైకలూరులో రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. వీడియో కాల్. అక్కడ పట్టపగలు. పిల్లాడి మొహం, దాని వెనకాల కరిగిన చెరువు.

"తాతయ్యా! పెద్దవి అయిదూ ఉన్నాయి!"

"పిల్లలు?"

"నలభై మూడు. డాడీ కూడా కౌంట్ చేశారు. కొన్ని ఆరెంజ్ అయిపోతున్నాయి."

52లో 43. తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. బేస్‌మెంట్లో 84లో 69 మిగిలాయి. ఒంటికి చూస్తే లోపలివే కాస్త ఎక్కువ ఎదిగాయి.

"ఇంకా తొమ్మిది ఉన్నాయి తాతయ్యా. బ్లాకువి. చాలా చిన్నవి."

"అవెక్కడివిరా?"

అల్లుడు ఫోను అందుకున్నాడు. "వలకి దొరకనివి మావయ్య గారూ. కలువ కుండీల వెనక దాక్కున్నట్టున్నాయి. మీ బుట్టలోంచి జారిపోయిన సైజే, అంతకన్నా చిన్నవి కూడా ఉన్నాయి."

అవతల కాసేపు మాట లేదు. ఆ సైజువి బయట బతకవనే కదా ఇంట్లో కుడితి తొట్టి, బకెట్లు, ఉప్పు, స్పాంజి. అలాంటివి మొత్తం ఎన్ని దాక్కుంటే తొమ్మిది మిగిలాయో ఎవరూ చెప్పలేరు. తొమ్మిదికి తొమ్మిదీ బతికాయేమో, తొంభైలో తొమ్మిదేమో.

"ఇప్పుడే మేత వెయ్యకండి" అన్నాడు తాతయ్య చివరికి. "నీళ్లు పది దాటి నిలబడనివ్వండి. ఒక రోజు ఎండొచ్చిందని వేసేస్తారు, మర్నాడు మళ్లీ చలి పెడుతుంది. ఇప్పుడే చేప బాగా నీరసంగా ఉండేది. లోపలివాటిని కూడా తొందరపడి బయట పొయ్యకండి, రెండు నీళ్లూ ఒక్క చలికి రావాలి."

అల్లుడు మే నెల దాకా ఆగాడు. చెరువు నీళ్లు బేస్‌మెంట్ నీళ్లతో సమానమయ్యాక తొట్టి ఖాళీ చేశాడు.

అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. పెద్దవి కాకుండా 121 చేపలు. అయిదింటికి సరిపోయే చెరువు. ఇంటి పక్కన సరస్సు ఉంది, రాష్ట్రంలో పదివేల సరస్సులున్నాయని బండ్ల నంబరు పలకల మీదే రాసి ఉంటుంది. కాని గోల్డ్‌ఫిష్‌ని వాటిలో వదలడం అక్కడ నేరం. ఈగన్ పక్కనే ఉన్న బర్న్స్‌విల్‌లో 2021 జూలైలో కెల్లర్ సరస్సు నుంచి ఫుట్‌బాల్ అంత గోల్డ్‌ఫిష్‌లు పట్టి, ఫోటోలు పెట్టి, దయచేసి వదలకండని నగరపాలక సంస్థ మొత్తుకుంది. అంతకు ముందు నవంబరులో కార్వర్ కౌంటీ వాళ్లు దాదాపు 50,000 గోల్డ్‌ఫిష్‌లని నీళ్లలోంచి తీసి పారేశారు. అవి అడుగు బురద కెలికి, మొక్కలు పీకి, నీళ్లు పాడుచేస్తాయి. ఆక్సిజన్ లేని మంచు కింద మిగతా చేపలు చస్తే, సారా కాచుకుంటూ ఇవి మిగిలిపోతాయి. జనవరిలో మనం మురిసిపోయిన ఆ విద్యే అక్కడ విపత్తు.

స్నేహితుల చెరువులకి కొన్ని, అక్వేరియం దుకాణానికి కొన్ని, స్పాంజి ఇచ్చిన మనిషికి ఏరి ఇచ్చినవి నాలుగు. ఇరవై ఉంచుకున్నారు, ఆ తొమ్మిదీ ఆ ఇరవైలోనే.

జూన్‌లో మళ్లీ ఫోను. కలువ వేళ్ల మీద ఆవగింజలంత గుడ్లు, వందలు. మొక్కలు తీసి వేరే తొట్టిలో పెట్టనా, పెద్దవి తినేస్తున్నాయి అని అడిగాడు అల్లుడు.

ముప్పై ఏళ్లు పిల్ల కోసం డబ్బు పోసిన రైతు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తిననివ్వండి."